సన్నగా ఉంటే సరిపోదు: మూత్రమార్గం లోపల చూసే స్కోపులు, ప్రోబుల సమీక్ష

ఈ పరికరాల కరపత్రం ఏది తెరిచినా ముందు కళ్లబడేది ఒక్కటే అంకె: కొస వ్యాసం. ఒకరు 7.7 ఫ్రెంచ్ అంటారు, ఇంకొకరు 4.9 అంటారు, మరొకరు ఏకంగా 0.85 మిల్లీమీటర్ అంటారు. అంకె ఎంత చిన్నదైతే సరుకు అంత గొప్పదన్నట్టు ఉంటుంది వరస. సన్నదనం కావాల్సిందే, కాదనడానికి లేదు. కానీ అది ఊరికే రాదు. వెలుతురులోనో, నీటి ధారలోనో, చూపు వెడల్పులోనో, మన్నికలోనో ఎక్కడో ఒకచోట కోత పెడితేనే వస్తుంది. ఆ కోత ఎక్కడ పెట్టారో కరపత్రం చెప్పదు. బ్లాడర్ నుంచి కిడ్నీ లోపలి గదుల దాకా వాడే ఫ్లెక్సిబుల్ స్కోపులను, వాటి చానల్లోంచి, అంటే పనిముట్లు పంపే లోపలి గొట్టంలోంచి, దూర్చే కన్ఫోకల్ (కణాలను సూక్ష్మదర్శినిలా చూపేవి), ఓసీటీ (కాంతితో గోడ పొరల అడ్డకోత చూపేవి) ప్రోబులను ఇక్కడ ఆ లెక్కనే తూకం వేశాం.

ముందు కొలతలు. 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటర్. యురేత్రా (మూత్రం బయటికి వచ్చే దారి) గుండా బ్లాడర్‌లోకి వెళ్లే ఫ్లెక్సిబుల్ సిస్టోస్కోపు సుమారు 16 ఫ్రెంచ్, అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. అక్కడ చోటుకు మరీ కరువు లేదు కాబట్టి సన్నదనం గురించి పెద్ద తగువూ లేదు. చిక్కంతా యురెటర్ దగ్గర, అంటే కిడ్నీ నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే గొట్టం దగ్గర మొదలవుతుంది. దాని పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. అందులోనూ మూడుచోట్ల ఇరుకు: కిడ్నీ నుంచి బయలుదేరేచోట, ఇలియాక్ రక్తనాళాల మీదుగా దాటేచోట, బ్లాడర్ గోడలోంచి దూరేచోట. ఈ చివరిదే అన్నిట్లోకీ ఇరుకు. కిందినుంచి ఎక్కే స్కోపుకు మొట్టమొదట తగిలేదీ అదే.

కరపత్రంలో కొస వ్యాసం కింద చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, షాఫ్టు వ్యాసం. చదవాల్సింది దాన్ని. ఒలింపస్ యూఆర్ఎఫ్-పీ6 కొస 4.9 ఫ్రెంచే, షాఫ్టు మాత్రం 7.95. బోస్టన్ సైంటిఫిక్ వాళ్ల లిథోవ్యూ కొస 7.7, షాఫ్టు 9.5. సూదిగా చెక్కిన కొస ఇరుకు ద్వారాన్ని తెరవడానికి బాగా పనికొస్తుంది. ఆ తర్వాత యురెటర్ పొడవునా ఇమడాల్సింది షాఫ్టే.

షీత్ (స్కోపు దూరడానికి యురెటర్లో ముందే అమర్చే గొట్టం) వాడేవాళ్లకు ఈ రెండో అంకె ఇంకా ముఖ్యం. 10/12 షీత్ అంటే లోపల 10 ఫ్రెంచ్, బయట 12. అందులోకి 9.5 షాఫ్టు దూరుతుంది, నిజమే. కానీ మిగిలే సందు రెండు పక్కలా కలిపి మిల్లీమీటర్లో ఆరో వంతు. కిడ్నీలోకి పంపిన సెలైన్ తిరిగి బయటికి రావాల్సింది ఆ సందులోంచే. రాకపోతే లోపల పీడనం పెరుగుతుంది. అది 30 మిల్లీమీటర్ల పాదరసం దాటిందంటే నీళ్లూ, వాటితో పాటు సూక్ష్మజీవులూ కిడ్నీ సిరల్లోకి వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. ఆపరేషన్ బాగానే జరిగిందనుకున్న మనిషికి ఆ రాత్రి చలిజ్వరం రావడం వెనక చాలాసార్లు ఈ సందే ఉంటుంది. స్కోపు వ్యాసాన్ని షీత్ లోపలి వ్యాసంతో భాగిస్తే వచ్చేది ముప్పావు దాటకుండా చూసుకోవడం మంచిది. ఆ లెక్కన 7.5 స్కోపుకు 10/12 షీత్ సరిపోతుంది. 9.5 స్కోపుకు 12/14 కూడా కాస్త బిగువే.

ఇక బొమ్మ సంగతి. ఫైబర్ స్కోపులో వేల గాజుపోగులు కట్టగా ఉంటాయి, ఒక్కో పోగు బొమ్మలో ఒక్కో చుక్క. అందుకే తెరమీద తేనెపట్టు గడుల్లాంటి అల్లిక కనిపిస్తూ ఉంటుంది. పోగు విరిగితే ఆ చోట నల్లచుక్క పడుతుంది, అది మళ్లీ పోదు. చుక్కలు ఒకేచోట గుంపుగా వచ్చాయంటే స్కోపు ఎక్కడో మడత పడిందని అర్థం. ఎక్కువగా కొస వంగే భాగానికి కాస్త వెనకా, షాఫ్టు పిడిలోకి కలిసేచోటా ఇది జరుగుతుంది. డిజిటల్ స్కోపులో కెమెరా చిప్పు కొసలోనే ఉంటుంది. పోగుల గొడవ లేదు, రంగులు తేటగా ఉంటాయి, మధ్యలో ఫోకస్ సరిచేసుకునే పనీ ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ విషయంలో డిజిటల్‌దే పైచేయి, అందులో వాదన లేదు.

అయితే చిప్పుకు, దాని ముందుండే కటకానికి, వెనకుండే వైర్ల అతుకుకు చోటు కావాలి. ఆ భాగం వంగదు. కొసలో ఈ బిర్రు ముక్క పొడుగయ్యేకొద్దీ కిడ్నీ కింది గదిలోకి మలుపు తిరగడం కష్టమవుతుంది. 270 డిగ్రీలు వంగుతుందని రెండు రకాల స్కోపుల మీదా రాసి ఉండొచ్చు. ఒకటి చిన్న వలయంలో వంగుతుంది, ఇంకొకటి పెద్ద వలయంలో. డిగ్రీలు ఒకటే, చేరే చోటు వేరు. పైగా ఆ 270 ఖాళీ చానల్‌తో కొలిచినది. లోపల లేజర్ పోగు పెట్టగానే కొంత పోతుంది, రాళ్లు పట్టే బాస్కెట్ పెడితే ఇంకొంత, ఇమేజింగ్ ప్రోబు పెడితే చెప్పక్కర్లేదు. కింది గదిలో ఏదో అనుమానాస్పదంగా కనిపించి, దాన్నే దగ్గరగా చూద్దామని ప్రోబు దూర్చగానే కొస నిటారుగా లేచి ఆ గదిలోంచి బయటికొచ్చేయడం, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చిరాకు పుట్టించే సంగతి.

చిప్పులు ఎంత చిన్నవయ్యాయో చెప్పాలంటే ఓమ్నీవిజన్ ఓవీ6948 దగ్గర ఆగాలి. పక్కకు 0.575 మిల్లీమీటర్, నిలువుకు 0.575, మందం 0.232. మార్కెట్లో దొరికే అతి చిన్న ఇమేజ్ సెన్సారుగా 2019లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. కటకం కలిపిన మాడ్యూలు పక్కకు 0.65 మిల్లీమీటరే, చూపు 120 డిగ్రీలు, ఫోకస్ పరిధి 3 నుంచి 30 మిల్లీమీటర్లు. అబ్బురంగానే ఉంటుంది. కానీ లెక్క వేయండి. అడ్డంగా 200, నిలువుగా 200, మొత్తం 40 వేల పిక్సెళ్లు. అంత వెడల్పు చూపును ఆ 200 పిక్సెళ్లకు పంచితే, గోడ 10 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒక్కో పిక్సెల్ కిందికి పదో వంతు మిల్లీమీటర్ పైనే వస్తుంది. దారి వెతుక్కోవడానికి, రాయి ఎక్కడుందో చూడటానికి ఇది ధారాళంగా చాలు. చదునుగా పాకిన చిన్న ఎర్రమచ్చ మామూలు వాపా, కార్సినోమా ఇన్ సైటూనా (పై పొరకే పరిమితమైన క్యాన్సరా) అని తేల్చడానికి చాలదు. గోడకు మరీ దగ్గరికి పోతే పిక్సెల్‌కు వచ్చే వాటా తగ్గుతుంది గానీ 3 మిల్లీమీటర్ల లోపు బొమ్మ అలుక్కుపోతుంది. ఇదే వర్గంలో ఏఎంఎస్ ఓస్రామ్ వాళ్ల నాన్‌ఐ చిప్పు పక్కకు 1 మిల్లీమీటర్, 250కి 250 పిక్సెళ్లు. కొంచెం లావు, కొంచెం మేలు.

చానల్ విషయంలో ఎవరూ రాజీ పడకపోవడమే మంచిది. యురెటరోస్కోపుల్లో చానల్ సాధారణంగా 3.6 ఫ్రెంచ్, అంటే 1.2 మిల్లీమీటర్. స్కోపు సన్నం చేయడం కోసం దాన్ని 3 ఫ్రెంచ్‌కు కుదిస్తే పోయేది ఆరో వంతే కదా అనిపిస్తుంది. గొట్టంలో నీటి ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి అసలు జరిగేది వేరు: అదే పీడనం మీద వచ్చే నీళ్లు సగానికి పడిపోతాయి. అందులోనే 0.85 మిల్లీమీటర్ల ప్రోబు పెట్టారనుకోండి. 1.2 చానల్లో దాని చుట్టూ మిగిలేది ఒక్కో పక్క 0.175 మిల్లీమీటర్. కాస్త రక్తం కలిసిందంటే తెర ఎర్రగా మారి, కడిగే నీళ్లు చాలక, అలాగే నిలబడిపోతుంది. సెలైన్ సంచి పైకెత్తితే నీళ్లు పెరుగుతాయి, దాంతో పాటే కిడ్నీలో పీడనమూ పెరుగుతుంది. అందుకే ప్రోబు దూర్చకముందే, ఖాళీ చానల్‌తో, చూడాల్సిన చోటును శుభ్రంగా కడుక్కోవాలి. బయాప్సీ ముందు తీసి ప్రోబుతో తర్వాత చూద్దామనుకోవడం పొరపాటు. రక్తం మొదలయ్యాక ప్రోబు పనికిరాదు.

కన్ఫోకల్ ప్రోబుల దగ్గరికి వద్దాం. ఈ వర్గంలో మూత్రమార్గానికని తయారైనవి మౌనా కియా టెక్నాలజీస్ వాళ్ల సెల్విజియో యంత్రానికి తగిలించేవి. 488 నానోమీటర్ల నీలి లేజర్ పోగుల కట్టలోంచి వెళ్లి, ఫ్లోరెసీన్ రంగు పట్టిన కణజాలాన్ని వెలిగించి, అదే దారిలో తిరిగొస్తుంది. సెకనుకు 12 ఫ్రేములు. బ్లాడర్‌కు వాడే ప్రోబు 2.6 మిల్లీమీటర్లు. అది 1 మైక్రాన్ దాకా విడదీసి చూపిస్తుంది, చూసే వలయం 240 మైక్రాన్లు, లోతు 60 మైక్రాన్లకు అటూఇటూ. యురెటర్‌కు వాడేది 0.85 మిల్లీమీటర్లు, విడదీసే శక్తి 3.5 మైక్రాన్లకు తగ్గిపోతుంది, వలయం 320 మైక్రాన్ల చుట్టుపక్కల. మొదట్లో చెప్పిన కోత ఇక్కడ అద్దంలో కనిపిస్తుంది. వ్యాసం మూడో వంతు చేస్తే స్పష్టత మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. పెద్ద ప్రోబులో ఒక్కో కణం అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. చిన్నదాంట్లో కణాల అమరిక తెలుస్తుంది గానీ కణం కణంగా చూడటం కష్టం.

రంగు కలపడంలో తప్పులు ఎక్కువ, కాబట్టి వివరంగా. బ్లాడర్‌కు 0.1 శాతం ఫ్లోరెసీన్ కావాలి. 10 శాతం మందు 3 మిల్లీలీటర్లు తీసి 300 మిల్లీలీటర్ల సెలైన్లో కలిపితే సరిపోతుంది. కాథెటర్ గుండా ఎక్కించి 5 నిమిషాలు ఉంచి, తీసేసి, ఒకసారి కడగాలి. ఎక్కువ గాఢంగా కలిపితే తెరంతా తెల్లగా వెలిగిపోయి కణాల మధ్య గీతలు మాయమవుతాయి. కడగకుండా వదిలినా అంతే. ఎక్కువసేపు కడిగితే రంగు వెళ్లిపోయి బొమ్మ నల్లబడుతుంది. సిర ద్వారా ఇచ్చే పద్ధతిలో 10 శాతం మందు అర మిల్లీలీటర్ చాలు. అప్పుడు పై పొరలకంటే, వాటి కిందుండే లామినా ప్రోప్రియా అనే పొర, అందులోని కేశనాళికలు బాగా వెలుగుతాయి. ఫ్లోరెసీన్ పడనివాళ్లు అరుదుగా ఉంటారు, ముందే అడిగి తెలుసుకోవాలి. సిర ద్వారా ఇస్తే మూత్రం పసుపుపచ్చగా వస్తుందని కూడా చెప్పి పంపాలి. లేకపోతే ఆ సాయంత్రమే కంగారుగా ఫోను వస్తుంది.

ప్రోబు కొసను గోడకు నిలువుగా ఆనించాలి, ఒత్తకూడదు. ఒత్తితే కేశనాళికల్లోంచి రక్తం పక్కకు పోయి, ఉన్న నాళాలు లేనట్టు కనిపిస్తాయి. తేలిగ్గా ఆనితే నాళంలో ఎర్రకణాలు నల్లటి చుక్కల్లా బారుగా జారిపోతుండటం తెరమీద కనిపిస్తుంది. చెయ్యి సరిగ్గా ఆనిందనడానికి అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. పై పొరలో పెద్ద పెద్ద అంబ్రెల్లా కణాలు, వాటి కింద రాళ్లు పరిచినట్టు చిన్న కణాలు, ఆ కింద నాళాల అల్లిక, మామూలు గోడలో ఈ వరస ఉంటుంది. నెమ్మదిగా పెరిగే, వేళ్లలా పొడుచుకొచ్చే లో గ్రేడ్ పాపిల్లరీ గడ్డలో మధ్యన నాళాలున్న కాడ, దాని చుట్టూ ఒకే సైజు కణాలు కిక్కిరిసి ఉంటాయి. దూకుడుగా పెరిగే హై గ్రేడ్‌లో కణాల సైజు ఒక్కోటి ఒక్కోలా ఉండి, అంచులు చెరిగిపోయి, వరసన్నదే ఉండదు. కంటికి అలవాటు కావడానికి కొన్ని పదుల కేసులు చూడాలి. ముందుగా రికార్డు చేసిన వీడియోలతో కూర్చుంటే ఆ అలవాటు త్వరగా వస్తుంది.

లోపాలకు వస్తే, ఫ్లోరెసీన్ కేంద్రకానికి పట్టదు. పాథాలజిస్టు గ్రేడ్ చెప్పేది చాలావరకు కేంద్రకాన్ని చూసే. ఆ సమాచారం ఇక్కడ లేదు. 60 మైక్రాన్ల లోతులో కండరం కనిపించదు కాబట్టి గడ్డ ఎంత లోతుకు దిగిందో ఈ ప్రోబు చెప్పలేదు. క్యాన్సర్ తిరిగి రాకుండా ఎక్కించే బీసీజీ మందు పడిన బ్లాడర్‌లో వాపు కణాలు చెల్లాచెదురుగా ఉండి కన్ను మోసపోతుంది. అన్నిటినీ మించింది చూపు వెడల్పు. 400 మిల్లీలీటర్లు నింపిన బ్లాడర్‌ను గుండ్రని బంతి అనుకుంటే లోపలి ఉపరితలం సుమారు 262 చదరపు సెంటీమీటర్లు. 240 మైక్రాన్ల వలయాలతో దాన్ని కప్పాలంటే 5 లక్షల 80 వేల ఫ్రేములు. సెకనుకు 12 చొప్పున, ఒక్కటీ వృథా కాకుండా తీసినా 13 గంటల పైనే. గుడ్డివాళ్లు ఏనుగును తడిమిన సామెత ఈ యంత్రానికి అచ్చంగా సరిపోతుంది. కాబట్టి అనుమానం ఎక్కడుందో ముందే ఇంకో పద్ధతిలో తేల్చుకుని, ఆ మచ్చ మీదకి మాత్రమే దీన్ని తీసుకెళ్లాలి. చెయ్యి నెమ్మదిగా జరుపుతూ పోతే ఫ్రేములు కలిపి పెద్ద పటంలా అతికే సౌకర్యం ఉంది. వేగంగా జరిపితే కణాలు సాగినట్టు వస్తాయి, ఆ పటాన్ని నమ్మొద్దు.

ఇంకో ఆచరణ ఇబ్బంది. 2.6 మిల్లీమీటర్లంటే 7.8 ఫ్రెంచ్. మామూలు ఫ్లెక్సిబుల్ సిస్టోస్కోపు చానల్లో అది పట్టదు, రిజిడ్ పరికరమే కావాలి. రిజిడ్ దాంతో బ్లాడర్ పైకప్పుకు, ముందు గోడకు నిలువుగా ఆనించడం కుదరదు. పొత్తికడుపు మీద చేత్తో నొక్కి గోడను కిందికి తెచ్చుకోవాలి, బ్లాడర్ సగమే నింపాలి. అందుకే బ్లాడర్‌కు ఈ ప్రోబు మంచిదే గానీ తప్పనిసరి అనిపించదు. అక్కడ ముక్క తీసి పంపడం ఎలాగూ సులువు.

యురెటర్లో పరిస్థితి తారుమారు. 3 ఫ్రెంచ్ ఫోర్సెప్స్‌తో వచ్చే ముక్క గుండుసూది తలంత. అందులో చాలాసార్లు నలిగిన కణాలే ఉంటాయి, లోతు తెలిసే అవకాశం తక్కువ. గ్రేడును బట్టి కిడ్నీ తీసేయాలా, లేజర్‌తో కాల్చి కాపాడాలా అని నిర్ణయించే చోట ఇంత బలహీనమైన ఆధారం మీద నడవాల్సి వస్తోంది. కాబట్టి స్పష్టత తక్కువైన ఆ 0.85 ప్రోబే, బ్లాడర్‌లోని దాని పెద్దన్నకంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఆ లోతు ప్రశ్నకు జవాబు ఓసీటీ ప్రోబు దగ్గర ఉంది. ఇది 1300 నానోమీటర్ల దరిదాపు పరారుణ కాంతితో అల్ట్రాసౌండ్ లాంటి అడ్డకోత బొమ్మ ఇస్తుంది. రంగుమందు అక్కర్లేదు. లోతు 2 మిల్లీమీటర్ల దాకా, స్పష్టత 10 నుంచి 20 మైక్రాన్లు. కణాలు కనిపించవు, పొరలు కనిపిస్తాయి. బ్లాడర్ గోడలో పైన సన్నటి ముదురు గీత యురోథీలియం, అంటే లోపలి పై పొర, దాని కింద తెల్లగా వెలిగే లామినా ప్రోప్రియా, ఆ కింద మళ్లీ ముదురుగా కండరం. ఈ మూడు గీతలూ విడివిడిగా ఉన్నంతవరకు గడ్డ లోతుకు దిగలేదన్నమాట. గీతలు కలిసిపోయి బూడిదరంగు ముద్దలా కనిపిస్తే దిగినట్టు అనుమానించాలి.

యురెటర్ కోసం పరిశోధకులు గుండె రక్తనాళాలకు వాడే 2.7 ఫ్రెంచ్ ఓసీటీ ప్రోబునే అరువు తెచ్చుకున్నారు. 0.9 మిల్లీమీటర్ల వ్యాసం, లోపల కాంతి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, యంత్రమే ప్రోబును వెనక్కి లాగుతూ ఐదు సెంటీమీటర్ల పైచిలుకు పొడవును ఒక్క ఊపులో చుట్టూరా చూపిస్తుంది. చేతి వణుకుతో పని లేదు. కన్ఫోకల్‌లో పడ్డ పాట్లతో పోలిస్తే ఇది హాయి. నిటారుగా ఉన్న యురెటర్లో దీన్ని మించింది లేదనే చెప్పాలి.

ఇబ్బంది మలుపుల దగ్గర. లోపల తిరిగే తీగ వంపులో ఒక పక్క బిగిసి, ఇంకో పక్క వదులై, తిరుగుడు సమంగా ఉండదు. దాంతో బొమ్మలో ఒక వైపు సాగి, రెండో వైపు నొక్కుకుపోతుంది. అక్కడ కనిపించే మందం కొలతలు రాసుకోకూడదు. కిడ్నీ కింది గదిలో స్కోపు పూర్తిగా వంచి తిప్పితే తీగ తెగే ప్రమాదమూ ఉంది. గడ్డ ఎత్తుగా పెరిగినప్పుడు ఇంకో బోల్తా: 2 మిల్లీమీటర్ల లోతు గడ్డలోనే ఖర్చయిపోయి పునాది కనిపించదు. అప్పుడు గడ్డ నడిమధ్యను వదిలి, అంచు గోడతో కలిసేచోట చూడాలి. పాత మచ్చలు, వాపు ఉన్నచోట కూడా పొరలు చెరిగినట్టు కనిపిస్తాయి. రక్తం కలిసిన నీళ్లలో కాంతి చెదిరిపోయి పొగమంచు కమ్మినట్టవుతుంది, కాబట్టి ప్రోబు లాగుతున్నంతసేపు సెలైన్ ఆగకూడదు.

అనుమానపు మచ్చ ఎక్కడుందో చూపే పద్ధతుల గురించి రెండు మాటలు. క్యాన్సర్ మచ్చలను నీలికాంతిలో గులాబీరంగుగా మెరిపించే బ్లూ లైట్‌కు హెక్సామినోలెవ్యులినేట్ మందు 50 మిల్లీలీటర్లు బ్లాడర్‌లోకి ఎక్కించి గంటసేపు ఉంచాలి. గంటకు ముందే పోసేస్తే వెలుగు పలచబడుతుంది. గోడను ఏటవాలుగా చూస్తే ఆరోగ్యంగా ఉన్నదీ గులాబీరంగులో మెరుస్తుంది, బ్లాడర్ మెడ దగ్గర ఈ మోసం ఎక్కువ. 415, 540 నానోమీటర్ల కాంతితో నడుస్తూ రక్తనాళాలను ఎత్తిచూపే ఎన్‌బీఐకి మందు అక్కర్లేదు, బొత్తాం నొక్కితే చాలు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన స్కానింగ్ ఫైబర్ స్కోపు గురించి కొందరు అడుగుతుంటారు. ఒకే పోగు కొసను సుడిలా తిప్పుతూ బొమ్మ గీసే ఆ ఉపాయం అందమైనది, 1.2 మిల్లీమీటర్లలోనే వెడల్పు చూపు ఇస్తుంది. మన సమీక్షకు మాత్రం అది ఇంకా ప్రయోగశాల సరుకే.

కొన్నాక పాడయ్యే తీరు మీద ఇంకొంచెం సేపు ఆగాలి, ఎందుకంటే ఈ స్కోపులు రోగిలో ఉండగా చెడిపోయేదానికంటే సింకు దగ్గర చెడిపోయేది తక్కువేం కాదు. చానల్ లోపల లేజర్ పేల్చడం అందరికీ తెలిసిన తప్పు. పోగు కొస తెరమీద కనిపించడం మొదలవగానే పెడల్ నొక్కకూడదు. తెర వెడల్పులో నాలుగో వంతు దాకా పోగు బయటికొచ్చాకే నొక్కాలి. పోగునైనా, ప్రోబునైనా స్కోపు నిటారుగా ఉన్నప్పుడే దూర్చాలి. వంచి ఉంచి తోస్తే వంపులో చానల్ లోపలి పొర గీసుకుపోతుంది. ఆ గీతే తర్వాత లీకవుతుంది.

లీకు పరీక్ష ప్రతి వాడకం తర్వాతా, కడగడానికి ముందు. టెస్టర్ తగిలించి గాలి ఎక్కించి, స్కోపును నీళ్లలో పూర్తిగా ముంచి, కొసను అటు చివరికీ ఇటు చివరికీ వంచుతూ చూడాలి. ముంచగానే వచ్చే రెండు మూడు బుడగలు పైన అంటుకున్న గాలివి, పట్టించుకోనక్కర్లేదు. ఒకే చోట నుంచి దారంలా ఆగకుండా వచ్చేవి లీకువి. కొస నిటారుగా ఉన్నప్పుడు రాక, వంచినప్పుడు మాత్రమే వచ్చే బుడగలే ఎక్కువగా తప్పించుకుంటాయి, వంగే భాగం మీదున్న రబ్బరు సాగినప్పుడే చిల్లు తెరుచుకుంటుంది కనుక.

వెంట్ క్యాప్ అనే చిన్న మూత ఉంటుంది. ప్లాస్మా లేదా ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు) స్టెరిలైజర్లో పెట్టేటప్పుడు అది తగిలించి ఉండాలి. లేకపోతే స్కోపు లోపల చిక్కుకున్న గాలి వాక్యూమ్‌లో ఉబ్బి, వంగే భాగం రబ్బరు పగులుతుంది. నీళ్లలో ముంచేటప్పుడు అదే మూత తీసేసి ఉండాలి, లేదంటే దాంట్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఒక పనికి ఉండాలి, ఇంకో పనికి ఉండకూడదు. తిరగేసి చేయడం ఒక్కసారి చాలు. ఆ మూతకు ఎర్ర దారం కట్టి, సింకు పైన గోడమీద రెండు వాక్యాలు రాసి పెట్టుకోవడం ఏ వారంటీకంటే మేలు.

శుద్ధి చేసే మందు ఎంపికలో ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. ఓపీఏ (ఆర్థో థాలాల్డిహైడ్) ద్రావణంతో శుద్ధి చేసిన స్కోపులను బ్లాడర్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు పదేపదే వాడినప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చిన ఘటనలున్నాయి. బ్లాడర్ క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్ల మూత్రమార్గ పరికరాలకు దీన్ని వాడొద్దని ఆ మందు లేబుల్ మీదే ఉంటుంది. మూడు నెలలకోసారి సిస్టోస్కోపీకి వచ్చేదేమో సరిగ్గా వాళ్లే. శుద్ధి చేసి మళ్లీ వాడే యూరాలజీ స్కోపుల వల్ల ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2021 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. 3.6 ఫ్రెంచ్ గొట్టాన్ని బ్రష్షుతో తోమడం, తోమాక పూర్తిగా ఆరబెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. చానల్లో తడి మిగిల్చి పెట్టెలో పెడితే ఎంత మంచి మందు వాడినా వృథా. గాలి ఊది, నిలువుగా వేలాడదీయాలి.

ఇదంతా పడలేని చోట ఒకసారి వాడి పారేసే స్కోపులే నయం. కొస వంపు ప్రతిసారీ కొత్తదే, శుద్ధి బాధ లేదు. వారానికి రెండు మూడు కేసులున్న చోట, లేదా కింది గదిలో పెద్ద రాయి ఉండి స్కోపును గంటసేపు వంచి ఉంచాల్సిన కేసులో, కళ్లు మూసుకుని ఇవే తీసుకోవచ్చు. రోజూ కేసులుండి, శుద్ధి చేసే మనిషి నిలకడగా ఉన్నచోట మళ్లీ వాడే డిజిటల్ స్కోపు గిట్టుబాటవుతుంది. గడ్డల పని ఎక్కువగా ఉంటే బొమ్మ నాణ్యత కోసం డిజిటల్, చిన్నపిల్లలకూ మరీ ఇరుకు యురెటర్లకూ సన్నకొస ఫైబర్ స్కోపు. కన్ఫోకల్, ఓసీటీలలో ఒక్కటే తీసుకునే వీలుంటే, యురెటర్ గడ్డలు తరచుగా వచ్చే కేంద్రానికి ఓసీటీకే మా ఓటు. కన్ఫోకల్ బొమ్మను చదవడానికి తర్ఫీదు పొందిన కన్ను ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

డెమో రోజున అమ్మేవాళ్లు ఖాళీ చానల్‌తో, తేట నీళ్లలో, తెల్లటి బల్లమీద చూపిస్తారు. మీరు మూడు పనులు చేయించండి. చానల్లో మీరు వాడబోయే ప్రోబే దూర్చి, కొస పూర్తిగా వంచమని, ఆ వంపును కాగితం మీద పెన్సిల్‌తో గీసుకోండి. ఖాళీగా వంచినప్పటి గీత పక్కన పెడితే తేడా కళ్లముందుంటుంది. సెలైన్ సంచిని 80 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, ప్రోబు లోపలుండగా ఒక నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్లు వస్తాయో కొలజాడీలో పట్టండి. మూడోది, వాళ్లు చూపిస్తున్న ఆ తేట నీళ్లలో రెండు చుక్కల ఎర్రరంగు కలిపి, అప్పుడు బొమ్మ చూపించమనండి.